సీతాఫల్‌మండిలో దక్కిన మర్యాద

ఈ రోజు ఏదో పనిమీద సీతాఫల్‌మండి వెళ్ళి, కాళ్ళు ఆగక మా పాత గల్లీలోకి తిరిగాను. అల్వాల్‌కు మారి ఇన్నేళ్ళయినా ప్రాణం అక్కడే కొట్టుకుంటుంది. మాకు తెలిసిన ఇళ్ళలో సుశీలత్తది ఒక్కటే మిగిలింది. చిన్నప్పుడు రోజూ ఆ ఇంటి బెల్ కొట్టి పారిపోయేవాణ్ణి. ‘దొంగ సచ్చినోడా, శీనుగా’ అంటూ గల్లీ చివరిదాకా తరిమేది. ఇవాళ కూడా చెయ్యి ఊరుకోలేదు. బెల్ కొట్టాను గానీ, ఈ పొట్టతో పరుగెత్తలేక అక్కడే నిలబడ్డాను.

అత్తే తలుపు తీసింది. "ఎవలు కావాలె సార్?"

"నేనత్తా! పిండి గిర్నీ పక్కింటి శీనుగాన్ని!"

కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "యాదికొస్తలేదు సార్. గా ఇండ్లన్నీ ఎప్పుడో కూలగొట్టిండ్రు. ఎండల వడి వచ్చిండ్రు, కూసోండ్రి, నీళ్ళు తాగి పోండ్రి."

బుద్ధెరిగాక ఆ నోట సార్ అనిపించుకోవడం ఇదే మొదలు. చెప్పు తీసుకుని కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

మీ గల్లీలో మిమ్మల్ని తిట్టేవాళ్ళు ఇంకా మిగిలుంటే రేపే వెళ్ళి తిట్టించుకోండి. ఏమని తిట్టారో కింద రాయండి. నన్నే అనుకుని చదువుకుంటాను.