మూడో పట్టీ

మా పక్కింటి పెద్దాయన పోయారని గురువారం పొద్దున ఆయన కూతురు మెసేజ్ పెట్టింది. చదివి, ఫోన్ బల్ల మీద బోర్లించి, ఆఫీస్‌కి వెళ్లాను. ఆ రోజు నా డైరీలో ఇంతే ఉంది: "గురువారం. చలి. పెద్దాయన పోయారు. సాయంత్రం చెత్త డబ్బాలు బయట పెట్టాను." రెండిళ్లవీ పెట్టాను. ఆయన మోకాలి ఆపరేషన్ నుంచీ ఆ పని నాదే.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. మన షాపులుండే ఐసెలిన్‌కి నలభై నిమిషాల దూరంలో, న్యూజెర్సీలో ఒక చిన్న ఊళ్లో ఇల్లు కొన్నాక, పెద్దాయన లైబ్రరీ నుంచి తెచ్చిచ్చిన పుస్తకాలు చదివి కొంత తెలుసుకున్నాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మా ఊరి పొలాల్లో ఒక పూట కాల్పులు జరిగాయి. పెద్ద పుస్తకాల్లో దాని ఊసు ఉండదు. ఊరివాళ్లకు మాత్రం అదే పెద్ద యుద్ధం. గుట్ట మీద ఒక రాయి నిలబెట్టి, "మనవాళ్లు ఇక్కడ నిలబడి పోరాడారు" అని చెక్కించి, కింద పదకొండు పేర్లు రాయించారు. ఏటా అక్కడ పూలు పెట్టి ఆ పేర్లు చదువుతారు. వాటిలో పెద్దాయన ఇంటిపేరు ఒకటి. ఆయన ముత్తాతకు తాతట.

పెద్దాయన టౌన్‌షిప్ అనుమతి తీసుకుని, శనివారాలు ఆ పొలంలో ఆనాటి తుపాకీ గుండ్ల కోసం సర్వే నడిపేవారు. ఆరుగురం మెటల్ డిటెక్టర్లు పట్టుకుని, తాళ్లు కట్టి విడదీసిన పట్టీల్లో, పక్కపక్కనే మెల్లగా నడిచేవాళ్లం. చప్పుడు వచ్చిన చోట చిన్న జెండా గుచ్చి ముందుకు సాగిపోవాలి. తవ్వడం తర్వాత. స్థలం కొలిచి పుస్తకంలోకి ఎక్కించాకే వస్తువును కదపాలి.

పొలంలో దిగేముందు, డిటెక్టర్ మోగకుండా ఆయన బెల్టు, వాచీ, చివరికి పెళ్లి ఉంగరం కూడా తీసి కార్‌లో కాఫీ కప్పు పెట్టే గుంటలో వేసేవారు. "మా ఆవిడ ఉన్నప్పుడు ఇది తీస్తే ఊరుకునేది కాదు. ఒక్క ఈ పొలానికే పర్మిషన్ ఇచ్చింది," అనేవారు. మూడో పట్టీ ఎప్పుడూ ఆయనది.

మట్టి బూట్లతో నేను ఇంటికి వస్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేది. "ఏమండీ, వారమంతా కంప్యూటర్, శనివారం సీసపు గుండ్లా? ఆ గడ్డిలో ఏం పోగొట్టుకున్నారు మీరిద్దరూ?" పెద్దాయనకు ఆ మాట ఇంగ్లీష్‌లో చెబితే చాలాసేపు నవ్వారు.

తుపాకీ గుండు దేనికైనా తగిలితే నలిగిపోతుంది. గుండ్రంగానే ఉంటే అది పేలలేదన్నమాట. తుపాకీ నింపుకుంటూ ఎవరి చేతిలోంచో జారిపడి ఉంటుంది. అంటే అక్కడ ఒక మనిషి నిలబడ్డాడు. గుట్ట మీద రాయి చుట్టూ అలాంటిది ఒక్కటీ దొరకలేదు. రాయి మీది మాటకు సాక్ష్యం లేని ఆ వెలితి పెద్దాయన్ని తినేసేది.

నేను చేరిన రెండో వారం నాకొక గుండు దొరికింది. గుండ్రంగా ఉంది. జెండా గుచ్చడం మరిచిపోయి, తీసి, తుడిచి, జేబులో వేసుకున్నాను. మధ్యాహ్నం "ఎక్కడ దొరికింది?" అని పెద్దాయన అడిగారు. నాకు గుర్తు లేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి, పొద్దున నేను నడిచిన వైపు వేలు చూపించాను. అది రాయి పక్కన.

ఆయన గుండును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత మ్యాప్ మీద ఎర్రటి చుక్క పెట్టారు. ఆ ఏడు పూల సభలో, మనవాళ్లు ఇక్కడే నిలబడ్డారనడానికి ఇదే సాక్ష్యమని ఆయన చెప్పారు. నేను వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను.

రెండేళ్లు నోరు విప్పలేదు. ఆ గుండు సంగతి రాసి రాయి పక్కన పెట్టే కొత్త బోర్డు మర్నాడు ప్రింట్‌కి వెళ్తుందనగా, పాత డైరీ పట్టుకుని వాళ్లింటి తలుపు కొట్టాను. ఆ రోజు పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన తెలుగు అక్షరాల మీద వేలు ఆనించి, "చదువు," అన్నారు.

"గుండు ఎక్కడ దొరికిందో గుర్తు లేదు. రాయి దగ్గర అని చెప్పాను."

"ఇది ఎప్పుడు రాశావు?"

"అదే రోజు సాయంత్రం, సర్."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లారు. కుళాయి తిప్పిన చప్పుడు, కట్టేసిన చప్పుడు వినిపించాయి. తిరిగి వచ్చి మ్యాప్ పరిచి, ఆ చుక్కను తెల్ల సిరాతో కప్పేశారు.

"మరి ఎక్కడ దొరికింది?"

"తెలియదు."

"అయితే తెలియదనే రాద్దాం." ఆ పేజీ కాపీ తీసి, గుండు ఉన్న సంచిలోనే పెట్టారు. మా ఊరి యుద్ధం వస్తువులు దాచిన పెట్టెలో ఇప్పటికీ ఒక తెలుగు కాగితం ఉంది.

ఆ ఏడు సభలో నా పేరు ఎత్తకుండా, రెండేళ్ల కిందట ఆ గుండు గురించి చెప్పింది తప్పు అన్నారు. ముందు వరసలోంచి ఒకాయన లేచి, "మీ సొంత తాతనే పారిపోయినవాణ్ణి చేస్తున్నావా?" అని అరిచాడు.

"పారిపోయాడని నేననలేదు. నాకు తెలియదన్నాను."

మరుసటి శనివారం నేను వెళ్లకూడదనుకున్నాను. ఆయనే వచ్చి హారన్ కొట్టారు. పొలంలో దిగాక సర్వే పుస్తకం నా చేతిలో పెట్టారు. "ఇకమీదట నువ్వు రాయి."

"నేనా?"

"నీ అంత భయంగా రాసేవాడు ఇక్కడ ఇంకెవడున్నాడు? దొరికింది ఎవడైనా రాస్తాడు. నడవని చోటు కూడా రాయాలి."

అప్పటినుంచీ నేనే రాస్తున్నాను. మా మధ్య ఆ సంగతి మళ్లీ రాలేదు. క్షమించారా అని నేను అడగలేదు.

అంత్యక్రియల్లో ఆయన కూతురు నన్ను పక్కకు పిలిచింది. "నాన్న ఉంగరం ఎక్కడుందో మీకు తెలుసా? ఇల్లంతా వెతికాం." కార్‌లో చూడమన్నాను. కప్పు పెట్టే గుంటలోనే ఉంది. ఆమె ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

నిన్న శనివారం. అయిదుగురం పొలానికి వెళ్లి తాళ్లు కట్టాం. ఎవరి పట్టీలోకి వాళ్లు వెళ్లి నిలబడ్డాం. పక్కకు జరగమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చివరిదాకా నడిచాక పుస్తకం తెరిచి, వరసగా రాసుకుంటూ వచ్చాను. "మూడో పట్టీ: నడవలేదు."

తలెత్తి చూశాను. మేం నడిచిన చోటల్లా పేరుకున్న మంచు రాలిపోయి గడ్డి నల్లబడింది. మధ్యలో ఒక్క పట్టీ మాత్రం, ఈ తాడు నుంచి ఆ తాడు దాకా, గుట్ట మీది రాయి వరకూ తెల్లగా అలాగే ఉంది.