ఇన్‌స్పెక్టరు గారి నల్లపావులు

నెల్లూరులో పదిమంది ముందు నా పరువు ఎలా పోయిందో చెబుతాను. అది ఊరికే పోలేదు. ఏడాది పొడుగునా, ఒక్క సాయంత్రం కూడా మానకుండా సాధన చేసి మరీ పోగొట్టుకున్నాను.

అరవైల మొదట్లో మైపాడు పక్కన ఒక పల్లెలో లెక్కల మాస్టరుగా చేరాను. సముద్రం ఒడ్డున, ఇసుక దిబ్బ మీద విడిగా ఉన్న పెంకుటింట్లో ముందు గది అద్దెకు దొరికింది. వెనక గదుల్లో ఇంటావిడ వెంగమ్మ గారు ఒక్కతే ఉండేది. ఆమె భర్త ఉప్పు కొటార్ల ఇన్‌స్పెక్టరుగా చేసి కాలం చేశాడు. ఆయన కుర్చీ, బల్ల, దానిమీద పావులు పేర్చిన చదరంగం నా గదిలోనే ఉన్నాయి.

"ఆ బల్ల జరపబాకు అబ్బయ్యా," అందావిడ.

"ఆడుకోవచ్చా అమ్మా?"

"తెల్లవాటితో ఆడుకో. నల్లవాటితో ఆయన ఆడతాడు."

'ఆడేవాడు' అనాల్సిన చోట 'ఆడతాడు' అంది. నేను పట్టించుకోలేదు. వ్యాకరణం తెలుగు పంతులు పని, నాది లెక్కలు.

ఆ సాయంత్రం సరదాగా ఒక తెల్ల బంటును ముందుకు జరిపాను. మర్నాడు గదికి తాళం వేసి బడికి వెళ్ళి వచ్చేసరికి, అంచున ఉన్న నల్ల బంటు ముందుకు వచ్చి నిలబడి ఉంది. గాలి అనుకున్నాను. మళ్ళీ ఒక ఎత్తు వేశాను. ఈసారి నల్ల గుర్రం కదిలింది. బంటును తోసిందంటే సరే, గాలికి గుర్రం నడక ఎవరు నేర్పారండీ?

మూడోనాడు గుమ్మం నుంచి బల్లదాకా ముగ్గుపిండి చల్లి వెళ్ళాను. తిరిగొస్తే పిండి చెక్కుచెదరలేదు. ఇంకో పావు మాత్రం కదిలింది. ముట్టుకుంటే తడిగా, చల్లగా ఉంది. వేలు నాలుకకు తగిలిస్తే ఉప్పు.

బుద్ధున్నవాడైతే ఆ క్షణమే పెట్టె సర్దుకునేవాడు. నేను సంతోషించాను. ఆ పల్లెలో చదరంగం తెలిసిన ప్రాణి లేదు. ప్రాణం లేనివారైనా ఒకరు దొరికారు కదా!

అలా రోజుకొక ఎత్తు నాది, ఒక ఎత్తు ఆయనది. ప్రతి ఆటా ఆయనే గెలిచాడు. నా రాజుకు ఆటకట్టు అయిన రోజు అలల హోరు ఒక్కసారిగా ఆగిపోయేది. ఖాళీ కుర్చీ తృప్తిగా కిర్రుమనేది. ఆయన మీద నాకు గౌరవం ఇంకాస్త పెరిగేది. ఆయన పద్ధతి మొత్తం వంటబట్టించుకున్నాను: ముందు అంచు బంట్లను తోయడం, ఆపైన రాజును ఒంటరిగా నడిబజారుకు నడిపించడం. అది తప్పని పుస్తకాలు అంటాయి. పోయినవాళ్ళకంటే పుస్తకాలకు ఎక్కువ తెలుసా?

"ఈ ఏడు నెల్లూరు పోటీలో కప్పు మనదే సార్," అన్నాను హెడ్మాస్టరు రమణయ్య గారితో.

"అంత ధైర్యం ఏంది మాస్టారూ?"

"నా గురువు మామూలు మనిషి కాదు సార్. ఎవరో మాత్రం అడగబాకండి."

పాపం, ఆయన మల్లెపూల దండ తడిగుడ్డలో చుట్టుకుని నాతో బస్సెక్కాడు.

మొదటి ఆటలోనే ఒక ముసలి వకీలు గారు ఎదురయ్యారు. నేను రాజును బయటికి నడిపించగానే ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"తెలిసే చేస్తుండావా నాయనా?"

"చూస్తూ ఉండండి," అన్నాను చిరునవ్వుతో.

ఆయన చూశారు. అందరూ చూశారు. ఆయన గ్లాసులో కాఫీ చల్లారకముందే నాకు ఆటకట్టు.

"ఎవురి కాడ నేర్చుకున్నావు?"

"ఆయన పోయారండీ."

"అయ్యో! ఈ ఆట వల్లేనా?"

హాలంతా ఘొల్లుమంది. రమణయ్య గారు లేచి, నావైపు చూడకుండా, దండ తీసుకెళ్ళి వకీలు గారి మెడలో వేశారు.

మర్నాడు పొద్దున్నే వెంగమ్మ గారి ముందు నిలబడ్డాను. ఆమె బియ్యం చెరుగుతోంది.

"నిజం చెప్పండమ్మా. ఇన్‌స్పెక్టరు గారు చదరంగంలో ఎంతటివారు?"

"ఎంతటోడా? పెళ్ళయిన కాడ్నించి ఆ బల్ల ఇడిచిపెట్టింది లేదు. అంత సాధన చేసినాడు గదా, ఒక్క ఆట గెలిస్తే ఒట్టు! కొటారు బంట్రోతు గూడా ఓడగొట్టేవోడు. ఆ దిగులుతోనే పోయినాడు."



"మరి నన్ను ప్రతిసారీ ఓడించారే!"

చేట ఆమె చేతిలో ఆగిపోయింది. నావైపు చూసింది, నా గది తలుపువైపు చూసింది. కళ్ళు తుడుచుకుని రెండు చేతులూ జోడించింది.

"ఆయన గెలిచినాడా? నీ పున్నెం నాయనా! అన్నేళ్ళకి నీలాంటోడు దొరికినాడు. ఇంక నిమ్మళంగా పోతాడు."

ఆ సాయంత్రం నుంచి నల్లపావు ఒక్కటీ కదల్లేదు. సాధనతో మనిషి బాగుపడడని ఎవరనగలరు? పోయాకైనా సరే, ఆయన నన్ను ఓడించేటంత ఎదిగాడు.

నేను మాత్రం ఒకనాడు పొద్దున్నే సముద్రంలో మోకాటిలోతు దిగి, సూర్యుడికి ఎదురుగా నిలబడి ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట గురువు బతికున్నవారైనా, పోయినవారైనా, ముందుగా వారి ఇల్లాలిని విచారించకుండా శిష్యరికం చేయను గాక చేయను.