సంత రోజు చూసిన వాటర్ పార్కు

2023 మే నెల. మణుగూరు బస్టాండుకు నాలుగడుగుల దూరంలో ఉన్న మా ట్రావెల్స్ ఆఫీసులో నేను, చప్పుడెక్కువ గాలి తక్కువ అయిన ఒక కూలరు, గోడల నిండా అరకు, ఊటీ పోస్టర్లు. గనుల కాలనీల్లో ఉండే వాళ్ళకు పిల్లల సెలవులూ తమ లీవులూ కలిసొచ్చేది ఆ ఒక్క నెలలోనే. ఎండలు మాడ్చేస్తుంటాయి కాబట్టి అప్పుడు మా మెట్లెక్కే వాళ్ళలో సగం మంది అడిగేది ఒకటే. "అన్నా, చిన్న పిల్లలున్నరు, ఏ వాటర్ పార్కు మంచిది?"

దీనికి జవాబు చెప్పడం తేలికని చాలామంది అనుకుంటారు. పద్నాలుగేళ్లుగా చెబుతున్న నాకు మాత్రం తేలిక కాదు, ఎందుకంటే నేను పుట్టుకతోనే అనుమానం మనిషిని. పెళ్ళిచూపుల్లో ఉప్మా నిజంగా అమ్మాయే చేసిందా అని అడిగి మా అమ్మ చేత తిట్లు తిన్నాను. పార్కు ఫొటోలో నీళ్ళు మరీ నీలంగా ఉంటే అది ఏ దేశపు ఫొటోనో అనుకుంటాను. 'సూపర్, సూపర్' అనే రివ్యూలన్నీ ఒకే వారంలో వచ్చి ఉంటే వాటిని చదవను. అందుకే మా లైన్లో రెక్కీ అనే పని తప్పకుండా చేస్తాను. అంటే పార్టీని పంపకముందే మనమే వెళ్ళి ఆ చోటంతా చూసి రావడం. స్లైడ్ల మెట్లు జారుతున్నాయా, పిల్లల పూల్ లోతెంత, బాత్రూములెలా ఉన్నాయి, లైఫ్‌గార్డులు ఎంతమంది, అన్నీ నోట్‌బుక్కులో రాసి పక్కన టిక్కు పెడతాను. లైఫ్‌గార్డంటే నీళ్ళలో ఎవరైనా మునిగితే దూకి బయటికి తెచ్చే మనిషి. ఎర్ర టీషర్టు, మెడలో విజిల్ ఉంటాయి. నేను ఆ ఎర్ర టీషర్టులు లెక్కపెట్టేవాణ్ణి.

ఆ మేలో ఒక సాయంత్రం రమేష్ కుటుంబం వచ్చింది. రమేష్ గనిలో డంపర్ డ్రైవరు, భార్య సునీత దవాఖానాలో నర్సు. కొడుకు చందుకు ఆరేళ్లు, కూతురు చిన్నికి మూడున్నర. వెనకాల రమేష్ తల్లి ముత్తమ్మ. అడవి లోపలి కోయ పల్లెలో పుట్టి పెరిగి, పిల్లల్ని చూసుకోవడానికి కాలనీ క్వార్టరుకు వచ్చిన మనిషి. కుర్చీ చూపించినా కూచోలేదు. తలుపు దగ్గరే నిలబడి నన్నూ నా పోస్టర్లనూ మార్చి మార్చి చూసింది.

నా దగ్గర రెండు పార్కులున్నాయి. ఒకటి హైదరాబాదు శివార్లలోది, పెద్దది. పిల్లలకే మూడు పూల్స్, పుట్టగొడుగు ఆకారంలో ఫౌంటెన్, ఏనుగు తొండం స్లైడు. నా రెక్కీలో అన్నిటికీ టిక్కులు పడ్డాయి. రెండోది విజయవాడ వైపుది, చిన్నది. దానికి ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తి, "పసిపిల్లలుంటే ఆదివారం రాకండి. ఆదివారం పిల్లల పూల్ మూసేస్తాం" అంది. ఎందుకండీ అంటే, "గార్డులు చాలరండి" అని ఠక్కున పెట్టేసింది. జనం వచ్చేదే ఆదివారం. ఆ రోజు పూల్ మూసుకునే వాడు లోపల ఏదో లొసుగు దాస్తున్నాడని తేల్చేసి, వెళ్ళి చూడకుండానే దాన్ని లిస్టులోంచి కొట్టేశాను.

ఇదంతా రమేష్‌కు వివరించి పెద్ద పార్కు ఖాయం చేస్తుండగా ముత్తమ్మ నోరు విప్పింది.

"నువ్వు జూసినవా సారూ ఆ పార్కు?"

"చూసిన పెద్దమ్మా. రెండు గంటలు తిరిగిన."

"ఏ వారం బోయినవ్?"

"మంగళవారం."

"జనం ఏ వారం బోతరు?"

"ఎక్కువ ఆదివారమే."

"మా దిక్కు సంత బుధవారం. మంగళారం బోతే ఆడ ఆవులు పండుకోని ఉంటయ్. అది జూసొచ్చి, సంతంటే గిదే, నాలుగావులుంటయ్ అని చెప్తవా?"

సునీత నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. నాకు చిర్రెత్తింది. జనాన్ని అనుమానించడం నా పని. నన్ను అనుమానించే హక్కు ఎవరిచ్చారు ఈమెకు?

"ఆళ్ళు నీకేమన్న ఇస్తరా, మమ్ముల తోలినందుకు?"

"అమ్మా!" అన్నాడు రమేష్.

"ఇస్తరు," అన్నాను. అబద్ధం ఎందుకు?

"మరి ఆ చిన్నదోళ్ళు?"

"ఇయ్యరు."

"అవ్ మరి," అంది ముత్తమ్మ. ఆ రెండు ముక్కలు నాకు రెండ్రోజులు గుచ్చుకున్నాయి. ఎదురు లైన్లోని ట్రావెల్స్ వాడు ఈమెకు నూరిపోసి పంపాడేమో అని కూడా అనుకున్నాను.

వాళ్ళు మెట్లు దిగాక రమేష్ ఒక్కడే వెనక్కొచ్చి మెల్లగా చెప్పాడు. "ఏమనుకోకన్నా. నాకో చెల్లె ఉండె. నాలుగేండ్లప్పుడు వాగుల బోయింది. మోకాటి లోతు నీళ్ళే. అమ్మ పక్కన్నే బట్టలు పిండుతాంది. అందుకే చిన్నిని నీళ్ళ కాడికి తీస్కపోవుడంటే అమ్మకు పానం ఒప్పది. అమ్మ సరే అంటెనే పోతం, లేకపోతే లేదు."

వచ్చే ఆదివారం కాలనీ నుంచి ఒక పార్టీ మా వ్యాన్లో అదే పెద్ద పార్కుకు వెళ్తోంది, రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి, మీ అమ్మనే రమ్మను, నేనూ వస్తాను అన్నాను. ఆమె అనుమానం తప్పని చూపించాలన్న పంతం కూడా ఉంది నాలో.

ఆదివారం తెల్లవారుజామున ముత్తమ్మ వెదురు కర్ర పట్టుకుని వ్యానెక్కింది. వాగు దాటేటప్పుడు అడుగు వేయబోయే చోట ముందుగా గుచ్చి లోతు చూసుకునే కర్ర అది. పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ వాడు కర్రలు లోపలికి రానివ్వమన్నాడు. అప్పటిదాకా నాకంటే ముందు నడిచిన మనిషి ఒక్కసారిగా నడుం వంచి, కాలీడుస్తూ మూలగడం మొదలుపెట్టింది. వాడు జాలిపడి వదిలేశాడు. గేటు దాటాక నడుం మళ్ళీ తిన్నగా అయింది.

నేను మంగళవారం చూసిన పార్కు అది కాదు. ఇసకేస్తే రాలనంత జనం. పాటల హోరులో మాట వినపడదు. వేవ్ పూల్ దగ్గర, అంటే మిషన్‌తో సముద్రంలా అలలు రప్పించే పెద్ద కొలను దగ్గర, తలల మధ్య నీళ్ళు కనపడటం లేదు. ముత్తమ్మ ఎక్కడా ఆగకుండా పిల్లల పూల్ దగ్గరికే నడిచింది. అంచున వంగి నీళ్ళు వాసన చూసి, "దవాఖానా వాసన" అంది. మందు కలిపారు పెద్దమ్మా, అది మంచిదే అన్నాను. కర్ర ముంచి తీసి తన మోకాలికి ఆనించి చూసుకుంది. బోర్డు మీద రాసిన లోతూ అదీ సరిపోయాయి. నేను గెలిచినట్టే అనుకున్నాను. పూల్ పక్కన ఎర్ర టీషర్టు, విజిల్‌తో నలభై ఏళ్ల మనిషొకడు నిలబడి ఉన్నాడు. 'పిల్లల పూల్, గార్డు ఉన్నాడు' అని రాసుకుని టిక్కు పెట్టాను.

ఆ టిక్కు సిరా ఆరిందో లేదో, ఏనుగు తొండం స్లైడు నుంచి చిన్ని ఈడు పాప ఒకతె జారి నీళ్ళలో పడింది. లేవబోతుండగానే వెనకాలే ఇద్దరు పెద్ద పిల్లలు ఆమె మీద పడి, లేచి వెళ్ళిపోయారు. పాప బోర్లా ఉండిపోయింది. అరుపు లేదు, చప్పుడు లేదు. ఎర్ర టీషర్టు ఆయన చూశాడు. విజిల్ ఊదాడు. మళ్ళీ ఊదాడు. దిగకుండా వేవ్ పూల్ వైపు చూస్తూ ఊదుతూనే ఉన్నాడు. నేను నోట్‌బుక్కు చేతిలో పట్టుకుని మానులా నిలబడిపోయాను. ముత్తమ్మ కర్ర వదిలేసి చీరతోనే దిగింది. నాలుగంగల్లో చేరి పాపను జబ్బ పట్టుకుని ఎత్తి, తన భుజాన వేసుకుని వీపు మీద చరిచింది. పాప నీళ్ళు కక్కి కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక గానీ నా కాళ్ళు కదల్లేదు.

పాపను తల్లి చేతికిచ్చాక ముత్తమ్మ ఎర్ర టీషర్టు ఆయన ముందుకెళ్ళి నిలబడింది. చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"బిడ్డా, నీకు ఈతొస్తదా?"

"రాదమ్మా," అన్నాడాయన.

"మరి గీడ నిలబడ్డవేంది?"

"నాది క్యాంటీన్ల పనమ్మా. ఆదివారం గార్డులందర్ని వేవ్ పూల్ కాడికి తోలుతరు. గీడ ఎవరన్న కనబడాలె గదా అని నాకీ అంగీ ఇచ్చిండ్రు. విజిలూదితే వాళ్ళొస్తరన్నరు. నాకు నీళ్ళంటే చిన్నప్పటి సంది బయం. దిగుదామనే అనుకున్న, కాళ్ళు రాలే."

ఆమె ఆయన్ని తిట్టలేదు. భుజం తట్టి కర్ర ఏరుకుంది. నేను మాత్రం ఊగిపోతూ మేనేజరు దగ్గరికెళ్ళాను. ఆయన నింపాదిగా విని, "మీరు చూసిన రోజు గార్డులున్నారు కదా సార్" అన్నాడు. ఉన్నారు. నేను చూసింది మంగళవారం. ఆ సంవత్సరం ఎన్ని కుటుంబాలను ఆదివారాలు అక్కడికి పంపానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదన్నది అదృష్టమే తప్ప నా గొప్ప కాదు.

తిరుగు దారిలో సూర్యాపేట దాటాక ముత్తమ్మ అడిగింది. "ఆ చిన్న పార్కోళ్ళు ఆదివారం రావద్దన్నది ఎందుకన్నరు?"

"గార్డులు చాలరని."

"మరి నిజమే చెప్పిండ్రు గదా సారూ."

నిజమే చెప్పారు. ఆ మాట ఎవరన్నా ఉన్నదున్నట్టు చెబుతారన్న ఆలోచనే నాకు రాలేదు. తీపిగా మాట్లాడితే అనుమానించాను, కటువుగా మాట్లాడితే ఇంకా అనుమానించాను. కమీషన్ ఇచ్చేవాడి దగ్గరికొచ్చేసరికి నా అనుమానం కాస్త మెత్తబడింది. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మరుసటి రోజు చిన్న పార్కుకు మళ్ళీ ఫోన్ చేశాను. అదే ఆవిడ, అదే కటువు. "బుధవారం రండి. పిల్లల పూల్ దగ్గర ఇద్దరుంటారు," అంది. అప్పటికీ నాకు పూర్తి నమ్మకం కుదరలేదు. బుధవారం రమేష్ కుటుంబంతో నేనూ బయల్దేరాను.

అక్కడ పుట్టగొడుగూ లేదు, ఏనుగూ లేదు. స్లైడు రంగు పెచ్చులూడింది. "గింతేనా?" అని చందు మూతి ముడిచాడు. ముత్తమ్మ మామూలుగానే వాసన చూసింది, కర్ర ముంచింది. పూల్ గట్టున ముప్పై ఏళ్ల అమ్మాయి ఎర్ర టీషర్టులో ఉంది.

"బిడ్డా, నీకు ఈతొస్తదా?"

ఆ అమ్మాయి నవ్వి, మెడలో విజిల్ తీసి ముత్తమ్మ చేతిలో పెట్టింది. పిల్లల్ని చూస్తుండమని రెండో గార్డుకు సైగ చేసి, పక్కనున్న పెద్ద పూల్లోకి బట్టలతోనే దూకింది. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళి, తిరిగొచ్చి, జుట్టు పిండుకుంటూ, "చాలా మామ్మగారూ?" అంది.

ముత్తమ్మ విజిల్ తిరిగిచ్చింది. కర్రను గోడకు ఆనించింది. చిన్నిని ఎత్తుకుని తనే నీళ్ళలో దిగి, మోకాటి లోతులో కిందికి దించింది. చిన్ని చేతులతో నీళ్ళు కొట్టి నానమ్మ మొహాన చల్లింది. ముత్తమ్మ కోయ మాటలో ఏదో అని గట్టిగా నవ్వింది. ఒడ్డున సునీత కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

వచ్చేటప్పుడు సత్తుపల్లిలో టీకి ఆగాం. పిల్లలిద్దరూ వ్యాన్లో నిద్రపోతున్నారు. ముత్తమ్మ గ్లాసు ఊదుకుంటూ నా వైపు తిరిగింది.

"నాలుగు గంటలు గట్టు మీద్నే నిలబడి పిల్లల్ని కనిపెట్టుకోనున్నవ్ సారూ. మంచిగ జేసినవ్. గని అందర్ని అడిగిన, నిన్నడగలే. నీకు ఈతొస్తదా?"

రమేష్, సునీత, డ్రైవరు అందరూ నా మొహమే చూస్తున్నారు.

"రాదు పెద్దమ్మా," అన్నాను.

ఆమె టీ తాగింది. ఆ రోజంతా పూల్ పక్కన నేనుండి చేసిందేమిటో, ఏదైనా జరిగి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకప్పుడు తెలిసింది. ఆ క్యాంటీన్ మనిషికుండి నాకు లేనిదల్లా ఎర్ర టీషర్టే.

పసిపిల్లలతో వెళ్ళే వాళ్ళు పార్కు ఎలా ఎంచుకోవాలని అడిగితే, ఇప్పుడు నేను ఫౌంటెన్ల గురించి చెప్పను. వారంలో మీరు ఏ రోజు వెళ్తారో ఆ రోజే ఎవరైనా చూసొచ్చారా కనుక్కోండి, రావద్దని చెప్పే పార్కు మాట పూర్తిగా వినండి, పూల్ పక్కనున్న మనిషిని ముత్తమ్మ ప్రశ్న అడగండి అంటాను. పెద్ద పార్కు పోస్టరు మా గోడ మీద లేదు. రెక్కీలు ఆదివారాలే చేస్తున్నాను.

ఆ జూన్లో, నలభై ఎనిమిదేళ్ల వయసులో, ఈత నేర్చుకోవడానికి చేరాను. నా బ్యాచ్‌లో మిగతా వాళ్ళంతా బడి పిల్లలే. మొదటి రోజు కోచ్ నన్ను దిగమంటే మెట్ల మీదే ఆగి, "సార్, మీకు ఈతొస్తదా?" అని అడిగాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆయన దూకి చూపించేదాకా నేను నీళ్ళలో కాలు పెట్టలేదు.