కోసేసిన పేరా

పత్రికలో చోటు చాలకపోతే వ్యాసాన్ని కింది నుంచి కోస్తాం. ముఖ్యమైనదంతా పైనే ఉంటుందని మా నమ్మకం. డెస్కులో ముప్పై ఏళ్లు ఆ పనే చేశాను.

ఒకసారి అమలాపురం డాక్టరొకాయన ఆరోగ్యం పేజీకి వ్యాసం పంపారు. రక్తనాళాల లోపలి గోడ మీద పుట్టుకతో వచ్చే గ్రాహకాలుంటాయట. సూక్ష్మజీవి జాడ తగలగానే అవి ఒంటిని హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరిక ఏళ్ల తరబడి ఆగకపోతే గోడే వాచి, అక్కడ కొవ్వు పేరుకుంటుంది. చిగుళ్ల నుంచి నెలల తరబడి రక్తం వస్తుంటే అక్కడి సూక్ష్మజీవులు రక్తంలో కలిసి ఈ గ్రాహకాలను రేపుతూ ఉండొచ్చనీ, పళ్ల డాక్టరుకు చూపించుకోవాలనీ చివర రాశారు. అంతలో ప్రకటనొకటి వచ్చింది. ఆ చివరి పేరా తీసేశాను.

మామిడికుదురులో కొబ్బరితోట ఉన్న మా బావగారు, అంటే మా చెల్లెలి భర్త, మర్నాడే ఫోన్ చేశారు.

"ఏవండీ బావగారూ, రక్తనాళాల్లో కాపలావాళ్లున్నారని వేసేరు. మొన్న నా తోటలో కాయలు పోయినప్పుడు వీళ్లంతా ఏమైపోయేరండీ?"

"వాళ్ల డ్యూటీ ఒంట్లోనండీ, తోటలో కాదు."

"ఆయ్! అయితే తోటకి కాపలా నేనే పడుకోవాలన్నమాట."

పళ్లు తోముకుని ఆయన ఉమ్మిన నీళ్లు ఎర్రగా ఉండటం వాళ్లింటి పెరట్లో ఎన్నోసార్లు చూశాను. వేపపుల్ల గీసుకుందనేవారు. ఆ ఫోన్లోనే చెప్పి ఉండొచ్చు. తోచలేదు. పేజీలోంచి పోయిన పేరా నా బుర్రలోంచీ పోయింది.

రెండేళ్లకు ఆయనకు గుండెపోటు వచ్చింది. కాకినాడలో స్టెంటు వేశారు. బతికారు గానీ, తోట చివరిదాకా నడవలేరిప్పుడు. చిగుళ్ల వల్లేనా అని అక్కడి డాక్టరును అడిగాను. "అదొక్కటే అని చెప్పలేమండీ. బీపీ ఉంది, చుట్ట అలవాటుంది" అన్నారు. ఆ మాటతో సర్దుకుందామని చాలా రోజులు చూశాను.

కుదరక, మొన్న వెళ్లి బావగారికి జరిగింది చెప్పేశాను. ఆయన, "చుట్ట మానమని మీ చెల్లెలు పాతికేళ్లు మొత్తుకుంది, మానేనా? మీ పేరా చూసి పళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాణ్ణా, ఊరుకోండి!" అన్నారు. నవ్వబోయి ఆయాసపడ్డారు.

మంచినీళ్లు తెచ్చిన మా చెల్లెలు గ్లాసు ఆయన చేతికిచ్చింది.

"వెళ్లేవారన్నయ్యా" అంది. "నేను చెప్తే వినరు గానీ, పేపర్లో పడితే వింటారీయన."