తడిపిన బండి

మా రెంజల్‌లో కొందరు ఇప్పటికీ అంటారు, నాకు రావలసిన ఉద్యోగాన్ని నా స్నేహితుడు సలీం ఎగరేసుకుపోయాడని. అది నిజం కాదు.

డెబ్బైల మొదట్లో బోధన్ దగ్గర ఒక చెరకు కాంటాకు గుమాస్తా కావాలంటే, ఇద్దరం ఒకే సైకిలు మీద వెళ్లాం. ముందు నన్ను పిలిచారు. మేనేజరు నా కాగితాలు ముట్టుకోకుండా కాంటా దగ్గరికి తీసుకుపోయాడు. నిండుగా ఒకసారి తూచి, చెరకు దింపిన ఎడ్లబండిని మళ్లీ ఖాళీగా తూచే ముందు, కూలీ చేత దాని మీద బకెట్లతో నీళ్లు పోయించాడు.

"ఏం సమజైంది?" అన్నాడు.

"బండి బరువు పెరుగుతది సార్. గంత చెరకు రైతుకు తగ్గుతది."

"కండ్లు మంచిగున్నయ్. నోరే మంచిగ లేదు. పో," అని నవ్వాడు.

బయట సలీం ఎదురొచ్చాడు. "మేనేజరు ఎట్లున్నడురా?"

గెంటేశాడని చెప్పుకోలేక, "మంచోడే, నువ్ పో," అన్నాను.

ఉద్యోగం వాడికి వచ్చింది. మేనేజరు చెప్పినట్టల్లా బండ్లు తడిపించాడు. ఒకనాడు రైతులు పట్టుకుంటే, మేనేజరు తప్పంతా వాడి మీదికే తోశాడు. సలీం తలెత్తుకోలేక మహారాష్ట్రలోని భివండికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

బోధన్ దారిలో సైకిలు తొక్కినప్పుడల్లా, వెనక కూర్చుని వాడు చెప్పే ముచ్చట్ల కోసం ప్రాణం కొట్టుకుంటుంది. సలీం ఈ పేజీ చదివితే ఒక్కసారి ఊరికి రావాలి. ఆ రైతుల గడపగడపకూ వాడిని తీసుకువెళ్లి, జరిగింది నా నోటితో చెబుతాను.