వంకాయ రంగు సీసా

నా తెలివే నన్ను ఎలా పట్టించిందో వినండి. మధ్యలో దగ్గొస్తే ఆగుతాను, ఏమీ అనుకోకండి.

మాది మండవల్లి దగ్గర. ముప్పై ఏళ్లుగా చేపల చెరువుల మీదే బతుకు. ఈమధ్య వదలని దగ్గు, సాయంత్రమైతే జ్వరం. ఏలూరులో పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆరు నెలలు రోజూ మాత్రలు! రెండు నెలలకి కళ్లె పరీక్ష బాగుంటేనే నాలుగేళ్ల మనవరాలు చిన్నిని ఎత్తుకోనిస్తారట. పక్క వీధిలోనే ఉంటుంది పిల్ల. రోజూ వచ్చి గేటు అవతలే నిలబడేది.

మొదటి రోజే మూత్రం ఎర్రగా వచ్చింది. "మేరీ, నా పని అయిపోయిందే!" అని కేకేశాను. మా ఆవిడ పరుగున వెళ్లి ఆశా కార్యకర్త సునీత గారిని పిలుచుకొచ్చింది.

"కంగారు పడకండి బాబాయ్ గారూ! మాత్ర రంగేనండి అది. చెమటా కన్నీళ్లూ కూడా నారింజ రంగులోనే వస్తాయి."

అంతవరకూ బాగానే ఉంది. కానీ పరగడుపున మాత్రలేస్తే ఒకటే వికారం. మోకీళ్లు సలుపు. అరికాళ్లలో చీమలు పాకినట్టు! ఆ సంగతి సునీత గారికి చెప్పి ఉంటే డాక్టరు గారు దానికీ ఏదో మాత్ర ఇచ్చేవారు. నేను చెప్పలేదు. నెలన్నరకి దగ్గు తగ్గింది, ఆకలేసింది. చెరువులో జబ్బు చేసిన చేప మేత తినడం మొదలెట్టిందంటే మేం మందు ఆపేస్తాం. నాకూ అదే లెక్క అనుకున్నాను. ఆపేశాను!

మూడు వారాలు గడిచాయి. దగ్గు మళ్లీ మొదలైంది. ఒకరోజు పొద్దున్నే సునీత గారు సీసాతో వచ్చారు.

"ఏవండీ బాబాయ్ గారూ, మాత్రలు వేసుకుంటున్నారా?"

"అయ్యో, పూట తప్పకుండానండి!"

"అయితే ఈ సీసాలో మూత్రం పట్టివ్వండి, రంగు చూస్తాను."

సీసా పట్టుకుని దొడ్లోకెళ్లాను. నాది పచ్చగా నీళ్లలా ఉంది! చుట్టూ చూస్తే చెరువులో చల్లే పర్మాంగనేటు పొడి డబ్బా కనబడింది. రంగొస్తుంది కదా అని సీసాలో ఓ చిటికెడు వేశాను. చిటికెడు ఎక్కువైందో ఏమో!

సునీత గారు సీసా వెలుగుకి పెట్టారు. ఆ పొడి అంటి గోధుమ రంగుకి తిరిగిన నా వేళ్లూ చూశారు.

"నారింజ రంగు రావాలి గదండీ బాబాయ్ గారూ, వంకాయ రంగొచ్చిందేంటండీ?"

మా ఆవిడ నవ్వలేదండీ. "చెరువు మీద మీతో పనిచేసిన ఏసుపాదం కూడా ఇలాగే మధ్యలో ఆపేశాడు. వాడి సమాధికి పూలు పట్టుకెళ్లింది మీరే కదా," అంది.

సునీత గారు మెల్లగా చెప్పారు. చురుగ్గా పెరిగే క్రిములు ముందే చస్తాయట, దాక్కున్నవి చావడానికే నెలలు పడుతుందట. మధ్యలో ఆపితే మిగిలినవి మందుకి లొంగకుండా తయారవుతాయట.

పరీక్ష చేస్తే మళ్లీ పాజిటివ్. ఇంకా మందుకి లొంగుతోందట, అదొక్కటే అదృష్టం. కోర్సు మాత్రం మొదటి నుంచి. ఇప్పుడు సునీత గారి ఎదురుగానే మింగుతున్నాను.

చిన్ని ఇంకా గేటు అవతలే. ఎవరు నేర్పారో గానీ, రోజూ వీధంతా వినేలా అరుస్తుంది:

"తాతయ్యా, ఇవాళ ఏ రంగూ?"

చెరువుకెళ్లే వాళ్లంతా ఆగి చూస్తుంటారు. నేనూ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని అంతే గట్టిగా చెప్పాల్సి వస్తోంది:

"నారింజే తల్లీ!"