జీపుకు పరదాలు కట్టిన చలికాలం

గురువారం సాయంత్రం శాలిబండ బజారులో ఫకీరు ఊదు పొగ పట్టుకుని దుకాణం దుకాణానికీ తిరుగుతుంటే, గల్లాపెట్టెల ముందున్న వాళ్ళంతా ఆ పొగను రెండు చేతులతో ముఖానికి అద్దుకుంటారు. వాళ్ళకు దేవుడు గుర్తొస్తాడు. నాకు మాత్రం మా జీపు గుర్తొస్తుంది. మొన్న కూరగాయల సంచీతో ఆ పొగలో అలాగే నిలబడిపోతే, వెనకున్న ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి విసిగి, "ఏందమ్మా, రోడ్డు మీదనే ఇల్లు గట్టుకున్నవా?" అన్నాడు.

మా బాపుకు ఆ పక్క గల్లీలోనే చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. ఏదో సర్కారు ఆఫీసు వేలంలో కొన్న పాత పెట్రోలు జీపు మాది. బడి లేని రోజు గల్లీ పిల్లలమంతా దాంట్లోనే ఉండేవాళ్ళం. ఒకడు స్టీరింగు తిప్పితే ఇంకొకడు నోటితో హారన్ కొట్టేవాడు. మిగిలినవాళ్ళం అమ్మ ఉప్పేసి ఉడకబెట్టిన అనపకాయలు వలుచుకు తింటూ, తొక్కలు సీట్ల కింద కుక్కేవాళ్ళం. వానలకూ బురదకూ జంకని ఆ బండి, చలి మొదలైతే మాత్రం మొండి దున్నలా మొరాయించేది.

అందుకే దీపావళి వెళ్ళగానే బాపు దానికి సేవలు మొదలుపెట్టేవాడు. ఇంజనులోని చిక్కటి ఆయిలు తీసేసి పలచటిది పోసేవాడు. మంచుగాలికి ఇంజను చల్లబడిపోకుండా రేడియేటరు ముందు గోనెసంచి కట్టేవాడు. అడవిదారి వాగుల్లో దిగబడితే లాగడానికి ఇనుప గొలుసు, పార వెనక పెట్టేవాడు. పొద్దుగూకగానే బ్యాటరీని ఇంట్లోకి మోసుకొచ్చి, పొయ్యి పక్కన పాత బొంత కప్పి పడుకోబెట్టేవాడు. ఆ మర్యాద మాకు కూడా ఉండేది కాదు. తెల్లవారి లేచి ఇంజను ప్లగ్గులు ఊడదీసుకొచ్చి, అమ్మ జొన్నరొట్టెలు కాల్చే పెంక మీద వేడి చేసేవాడు.

"రొట్టెల పెంక మీద గీ ఇనుప ముక్కలేంది?" అని అమ్మ లొల్లి పెట్టేది.

"ఇంజనుకు గూడ పొద్దుగాల చాయ్ గావాలె గదనే," అనేవాడు బాపు.

నాకు పదకొండేళ్ళప్పుడు, చలి బాగా ముదిరిన రోజుల్లో, ఆదిలాబాదు అడవుల్లోని ఊరి నుంచి కబురొచ్చింది. నాయనమ్మ ఒక్కగానొక్క చెల్లెలు మంచాన పడిందట, అక్కను ఒకసారి చూడాలంటున్నదట. ఆ ఊరికి బస్సు లేదు. వాగు దాటి వెళ్ళాలంటే మా జీపే దిక్కు. కానీ నాయనమ్మకు ఆయాసం. చలిగాలి ఛాతీకి తగిలితే ప్రాణానికే ముప్పని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. మా జీపుకేమో పైన చిరుగుల గుడ్డ తప్ప పక్కలకు ఏ అడ్డూ లేదు. బాపు వద్దంటే వద్దన్నాడు. నాయనమ్మ గొంతు పెంచలేదు. బట్టల మూట తెచ్చి జీపు వెనకసీట్లో పెట్టి, "దాని మొకం జూసి సస్తె సస్తగని, జూడకుంట బతుకుడేంది కొడుకా?" అంది.

ఇక బాపు హుస్సేనీ ఆలంలో డేరాలు కుట్టే రహీం చాచాను పిలుచుకొచ్చాడు. ఇద్దరూ రెండు రోజులు కూర్చుని, మందపాటి తాటిపత్రి గుడ్డతో జీపు చుట్టూ పరదాలు కట్టారు. గాలి ఎక్కడ దూరుతుందో తెలుసుకోవడానికి చాచా దగ్గరొక పద్ధతుంది. ఊదు దట్టంగా వేసిన ధూపం పళ్ళెం జీపులో పెట్టి, అన్ని పరదాలూ బిగించేశాడు. పొగ బయటికొచ్చే చోటే గాలి లోపలికి దూరే చోటు. నా కళ్ళు చురుకైనవని సుద్దముక్క నా చేతికిచ్చారు. నేను జీపు చుట్టూ తిరుగుతూ, పొగ కనిపించిన చోటల్లా సున్నా చుడుతుంటే, చాచా వెనకాలే వచ్చి కుట్టేవాడు. నాయనమ్మ దూరంగా అరుగు మీద, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

ఏడో సున్నా అయ్యాక చాచా నడుం పట్టుకుని బాపుతో, "యాదగిరి భాయ్, బట్టకు ఇంక కుట్టు ఆగది. ఇంకొక్క బొక్క దొరికినా పరదా పూరా ఇప్పాలె. రేపు పోవుడు గాదు, ఎల్లుండే," అన్నాడు. సరిగ్గా అప్పుడే, నాయనమ్మ కూర్చోబోయే మూల నుంచి దారమంత సన్నగా పొగ లేవడం నేను చూశాను.

"బేటీ, ఇంకేడన్న పొగ కనవడ్తుందా?"

"లేదు చాచా," అన్నాను.

మర్నాడు చీకటితోనే బయలుదేరాం. నేను నాయనమ్మ పక్కన ఇరుక్కుని కూర్చుని, ఆ మూలకు నా వీపు ఆనించాను. నిర్మల్ ఘాటు ఎక్కేసరికి పొద్దెక్కినా మంచు వీడలేదు. ఆ బొక్కలోంచి గాలి సూదిలా నా వీపులో దిగుతుంటే, పళ్ళు బిగబట్టుకున్నాను. ఎన్ని కుదుపులొచ్చినా కదల్లేదు. నాయనమ్మకు దగ్గొచ్చినప్పుడల్లా ఆమెను నేనే చంపుతున్నానేమో అనిపించి, ఏడుపు మింగుకున్నాను.

మధ్యాహ్నానికి ఊరు చేరాం. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరి ముఖం ఒకరు తడుముకున్నారు. ఆ పూటంతా ఒకే మంచం మీద కూర్చుని, తమ చిన్నప్పటి దొంగతనాలు చెప్పుకుని నవ్వుకున్నారు. మర్నాడు పొద్దున చిన్న నాయనమ్మ పోయింది. మేము ఒక్కరోజు ఆగి ఉంటే శవాన్నే చూసేవాళ్ళం.

నాయనమ్మ ఆయాసం పెరగలేదు. జ్వరం వచ్చింది నాకే. కర్పూరం నూనె నా వీపుకు రాస్తూ, ఎవరూ లేనప్పుడు నాయనమ్మ నెమ్మదిగా అంది: "ఆ మూల పొగ నాక్కూడ గనవడ్డది బిడ్డా. నేను గూడ జెప్పలే."

ఆమె ఒళ్ళో తల పెట్టి ఎంత ఏడ్చానో నాకే తెలియదు.

జీపు ఎప్పుడో పాత సామానుకు పోయింది. చాచా డేరాల దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆ ఊరి వాగు మీద వంతెన పడింది, గడప ముందుకే బస్సు వెళుతుంది. నా కొడుకు కారులో మీట నొక్కితే వెచ్చటి గాలి వస్తుంది. నాకంటే ముందే పెళ్ళయి వెళ్ళిన మా అక్క కరీంనగర్‌లో ఉంటుంది. నాలుగు గంటల దారి కూడా కాదు. మోకాళ్ళు పట్టేసి తను ఇల్లు కదలలేదు. ఆమెను చూసి రెండేళ్ళు దాటింది. నిన్న ఫోను చేసి, "ఎప్పుడొస్తవే?" అంది.

"ఈ చలి పోనియ్యక్కా, వస్త," అన్నాను.